రంగు వేయని వస్త్రము



పండుగ దగ్గరపడినప్పుడు మనము బట్టల అంగడికి వెళ్లి మూడు సంగతులు విచారింతుము. వెల ఎంత? రంగు నిలుచునా? ఎన్నాళ్లు మన్నును? ఈ మూడును తెలివైన ప్రశ్నలే. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి కలదు. ఈ గుడ్డ నా చేతికి రాకమునుపు ఎవరెవరి చేతులు దాటి వచ్చినది? ఆ చేతులకు కూలి ముట్టినదా? ఈ ప్రశ్న అడుగువారు అరుదు. అడిగినను, జవాబు చెప్పగల అంగడివాడు ఇంకను అరుదు.

రెండువందల యేబది సంవత్సరములకు పైబడి, అమెరికాలోని ఒక పల్లెదర్జీ ఈ నాలుగవ ప్రశ్నను తన ఒంటిమీది అంగీని చూచి అడిగెను. జవాబు తెలిసిన తరువాత ఊరకుండలేకపోయెను. అతని పేరు జాన్ వూల్మన్. పెద్ద చదువులు చదివినవాడు కాడు, ధనవంతుడు కాడు, అధికారి కాడు. సూది, దారము, కొన్ని ఆపిలు చెట్లు, భార్య, ఒక కుమార్తె, ఇదియే అతని సంసారము. మనవంటి పల్లెటూరి కుటుంబములకు అతని చరిత్ర మిక్కిలి దగ్గరగా నుండును గనుక దానిని మీ యెదుట ఉంచుచున్నాను.

వూల్మన్ 1720వ సంవత్సరములో న్యూజెర్సీ అను ప్రాంతమున రైతు కుటుంబములో పుట్టెను. అప్పటికి ఆ ప్రాంతము ఇంగ్లండు రాజు ఏలుబడిలో నుండెను. అతని తలిదండ్రులు స్నేహితుల సమాజము అను క్రైస్తవ సంఘమునకు చెందినవారు. లోకులు వారిని క్వేకర్లు అందురు. ఆడంబరము లేని దుస్తులు ధరించుట, ఒట్టు పెట్టుకొనకుండుట, గొప్పవారి యెదుట టోపీ తీసి వంగకుండుట వారి ఆచారములు. అయితే వూల్మన్ కాలమునకు వారిలో అనేకులు వర్తకమువలన ధనవంతులైరి. అంగీ కుట్టు సాదాగానే యుండెను గాని గుడ్డ మాత్రము ఖరీదైనదిగా మారెను. ఇంతకంటె విచారకరమైన సంగతి ఏమనగా, దేవుని మందిరములో మౌనముగా కూర్చుండి ప్రార్థించు వారిలో పలువురు ఇండ్లలో ఆఫ్రికా బానిసలను ఉంచుకొనిరి.

వూల్మన్ ఇరువది యొక్క యేండ్ల ప్రాయమున మౌంట్ హాలీ అను ఊరిలో ఒక అంగడిలో లెక్కలు వ్రాయుటకు కుదిరెను. అక్కడనే దర్జీ పని నేర్చుకొనెను. ఒకనాడు యజమానుడు తన యింటనున్న నీగ్రో స్త్రీని అమ్మివేసి, క్రయపత్రము వ్రాయుమని అతనికి ఆజ్ఞాపించెను. కొనువాడు ఎదుట నిలిచియుండెను. అతడు వృద్ధుడు, తమ సంఘస్థుడే. యువకుని మనస్సు కలవరపడెను. అయినను చేయి కదిలి పత్రము వ్రాసెను. వ్రాసిన పిమ్మట, బానిసలను ఉంచుకొనుట క్రైస్తవ మతమునకు తగినది కాదని నమ్ముచున్నానని వారిద్దరి యెదుట చెప్పెను. కొంతకాలమైన తరువాత మరియొకడు అట్టి పత్రమే వ్రాయుమని వచ్చినప్పుడు, నేను వ్రాయజాలనని మృదువుగా త్రోసివేసెను.

తరువాత వూల్మన్ సొంతముగా అంగడి పెట్టెను. మొదట కుట్టుపనికి కావలసిన సామగ్రి, పిమ్మట గుడ్డలు, నారబట్టలు అమ్మెను. వ్యాపారము ఏటేట పెరిగెను. మరియొకడైనయెడల దీనిని దేవుని ఆశీర్వాదమని చెప్పుకొని ఊరకుండును. అయితే వూల్మన్ గల్లాపెట్టెకు ఇవతల నిలిచి తన ఊరివారిని గమనించుచుండెను. అవసరము లేని వస్తువులను అరువుపై కొనుచున్నారు. అప్పు తీర్చలేక న్యాయస్థానముల పాలగుచున్నారు. గనుక అతడు బీదవారు వచ్చి ఖరీదైన సరుకు అడిగినప్పుడు, తక్కువ వెలది, ఎక్కువ ఉపయోగపడునది తీసికొమ్మని హితవు చెప్పెడివాడు. తన సరుకు అమ్ముకొనవలసిన వర్తకుడే ఎక్కువ కొనవద్దని చెప్పుట మీరు ఎక్కడనైన వింటిరా?

చివరకు 1756 ప్రాంతమున తన అంగడిని క్రమముగా తగ్గించి మూసివేసెను. వాడుకగా వచ్చువారికి, మీరు ఇక వేరొక అంగడి చూచుకొనుడని ముందుగానే తెలియజేసెను. దర్జీ పనియు ఆపిలు తోటయు కుటుంబపోషణకు చాలునని నిశ్చయించుకొనెను. 1749లో అతనికి సారా ఎల్లిస్ అను ఆమెతో వివాహమైయుండెను. కోరికలు కొద్దిగా ఉన్నయెడల కుటుంబము కొద్ది సంపాదనతోనే స్వతంత్రముగా బ్రదుకగలదని అతడు తన యింటిలోనే చూపెను. ఇది గమనింపదగినది. అతడు మొదట విడిచిపెట్టినది బట్ట కాదు, బట్టమీద వచ్చు లాభము.

ఇక రంగు సంగతికి వత్తము. 1761లో వూల్మన్ జ్వరముతో మంచము పట్టెను. ఆ రోగశయ్యమీద అతని మనస్సులో ఎన్నాళ్లుగానో నలుగుచున్న ఆలోచన ఒకటి గట్టిపడెను. బట్టలకు రంగు ఎందుకు వేయవలెను? మురికి కనబడకుండ చేయుటకు కొన్ని రంగులు వాడుచున్నారు. కొన్ని రంగులు గుడ్డ బలమును తగ్గించుచున్నవి. రంగుకు పెట్టు ధనమును శ్రమను బట్టలు ఉదికి శుభ్రముగా ఉంచుకొనుటకు పెట్టినయెడల మేలు కాదా? మురికిని కప్పిపెట్టుట సత్యవర్తనకు తగునా? తన దినచర్య గ్రంథములో అతడు తెలిపిన కారణముల సారాంశమిది.

చరిత్ర దీనికి మరియొక కారణమును చేర్చుచున్నది. ఆ దినములలో నీలిరంగునిచ్చు నీలిమందు దక్షిణ కరోలినా ప్రాంతమున విస్తారముగా తయారగుచుండెను. 1740 తరువాత అక్కడ నీలి తోటలు వేగముగా పెరిగినవి. ఆకు కోయువారు, దుర్గంధము కొట్టు తొట్లలో దానిని నానబెట్టి చిలుకువారు, అందరును బానిసలే. అమెరికా స్వతంత్రమైన తరువాత ఇంగ్లండు వర్తకులు నీలిమందు కొరకు మన బెంగాలువైపు తిరిగిరి. అక్కడి రైతులు బలవంతపు నీలిసాగును సహింపలేక 1859లో తిరుగబడిరి. 1917లో గాంధీగారు బీహారులోని చంపారణ్యమునకు వెళ్లినది ఈ నీలి రైతుల మొఱ విని కాదా? ఒక రంగు రెండు ఖండముల బీదలను ఏడ్పించినది.

వూల్మన్ తీర్మానము చేసికొన్న వెంటనే పెట్టె తెరచి రంగు బట్టలన్నిటిని పారవేసినాడని తలంపకుడి. అట్లు చేయుట వృథా వ్యయమగును. తన యొద్ద నున్న రంగుబట్టలు ధరింపదగినవై యుండగా వాటిని వాడుకొని, క్రొత్తవి అవసరమైనప్పుడే రంగు వేయనివి కుట్టించుకొనుట మంచిదని అతడు నిర్ణయించుకొనెను. ముందుగా సహజమైన బొచ్చురంగుగల టోపీ నొకదానిని తెప్పించుకొనెను.

ఆ టోపీయే అతనికి పెద్ద శోధన ఆయెను. అప్పుడు తెల్లటోపీ కొందరికి కొత్త వేడుక. గనుక, వూల్మన్ కూడ వేడుకకు లొంగినాడని కొందరును, తానొక్కడే పరిశుద్ధుడనని చూపుకొనుచున్నాడని కొందరును తలంచిరి. ప్రియ మిత్రులు దూరముగా నుండసాగిరి. అందరిలో వేరుగా కనబడుటకు వూల్మన్ స్వభావతః భయపడువాడు. ఆ భయమువలననే తన మనస్సాక్షికి సరిపడని వాటిని కొంతకాలము వాడితినని తానే వ్రాసికొనెను. చదువరులారా, ఈ భయము మనకు తెలియనిది కాదు. పెండ్లిలో పాత చీరతో నిలిచిన తల్లికి, క్రిస్మసు ఆరాధనకు ఉదికిన చొక్కాతో వచ్చిన తండ్రికి ఈ భయము బాగుగా తెలియును. నలుగురు ఏమందురో అను మాట మన సంఘములలో ఎన్ని అప్పులను పుట్టించినదో లెక్కించువారెవరు?

ఇక్కడ మన తెలుగు తీరమునకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పవలసియున్నది. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము ఏర్పరచుకొనిరి. డచ్చివారు అంతకు ముందే అక్కడ దిగియుండిరి. మచిలీపట్నము మొదలుకొని దక్షిణమున తమిళదేశమువరకు గల కోరమండల తీరపు మగ్గములమీద నేసిన గుడ్డలు ఓడలలో ఐరోపాకు వెళ్లెను. వాటిలో ఒక భాగము అక్కడనుండి పశ్చిమ ఆఫ్రికాకు చేరెను. ఆఫ్రికాలోని ఒక తీరము పేరు పెట్టి వాటిని గినీ వస్త్రములని పిలిచిరి. మనుష్యులను కొనుటకు ఆ తీరమున ఇచ్చిన సరుకులలో ఈ బట్టలు ముఖ్యమైనవి. మగ్గపు గుంటలో కూర్చుండి నేసిన మన నేతగానికి తాను నేసినది ఎవరి మెడకు ఉరియైనదో తెలిసియుండదు. నేసినవాడు దోషి కాడు. అయినను బట్ట ఎంత దూరము నడచునో, ఎన్ని చేతులు మారునో, అందులో ఎంత కన్నీరు ఇంకునో ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

వూల్మన్ తన దుస్తులను చూచి మురిసికొని ఇంట కూర్చుండలేదు. బానిసలుగల సంఘస్థుల యిండ్లకు ప్రయాణమై వెళ్లి, వారి బల్లయొద్ద కూర్చుండి, కోపము లేక మాటలాడెను. 1757లో దక్షిణ ప్రాంతములకు వెళ్లినప్పుడు తాను బసచేసిన యిండ్లలో తనకు పరిచర్య చేసిన బానిసలకు కూలి యిచ్చెను. ఉచితముగా సేవ పొందుటయు దోపిడిలో పాలుపొందుటయే అని అతని భావము. 1754లో ఒకటి, 1762లో మరియొకటి బానిసత్వమును గూర్చి చిన్న పుస్తకములు ప్రకటించెను. 1758లో ఫిలడెల్ఫియాలో కూడిన వార్షిక సభ, బానిసలుగల సభ్యులను దర్శించి హెచ్చరించుటకు కొందరిని నియమించెను. వారిలో వూల్మన్ ఒకడు. 1776లో ఆ సభ, బానిసలను విడిచిపెట్టనివారు సంఘములో ఉండరాదని తీర్మానించెను. వూల్మన్ ఆ దినమును చూడలేదు.

1772 మే నెలలో అతడు ఇంగ్లండుకు ఓడ యెక్కెను. ఓడలోని మంచి గదిలో అనవసరమైన చెక్కడపు పనులుండుట చూచి, అందుకు ధనమిచ్చుటకు మనస్సొప్పక, నావికులు పండుకొను ఇరుకైన చోటనే ప్రయాణము చేసెను. జూన్ 8న లండనులో దిగి నేరుగా సంఘపు పెద్దల కూటమునకు వెళ్లెను. తెల్లటోపీ, ముతక నారచొక్కా, రంగు వేయని ఉన్ని అంగీ, రంగు లేని తోలు చెప్పులు. ఆ పెద్దలు విస్మయమొందిరి. వచ్చిన పని ముగిసినదనుకొని తిరిగి వెళ్లుట మంచిదని వారిలో ఒకరు సూచించినట్లును, వూల్మన్ కన్నీరు విడిచి, అనుమతి దొరకువరకు దర్జీ పని చేసికొని బ్రదుకుదునని చెప్పినట్లును, పిమ్మట అతని మాటలు విని వారి హృదయములు మారినట్లును చెప్పుకొందురు. గుఱ్ఱపుబండ్ల వేగము కొరకు గుఱ్ఱములను, వాటిని తోలు బాలురను క్రూరముగా బాధించుచున్నారని విని, అతడు బండి యెక్కక కాలినడకను ఉత్తరదిక్కున యార్కు పట్టణమువరకు వెళ్లెను.

యార్కులో అతనికి మశూచికము సోకెను. 1772 అక్టోబరు 7న ప్రభువునందు నిద్రించెను. మరణమునకు ముందు తన సమాధి సంగతి తానే చెప్పి యుంచెను. శవపేటిక అలంకారము లేనిదై యుండవలెను. దాని ఖర్చునకు తాను ధరించిన బట్టలనే ఇచ్చివేయవలెను. ఏ బట్టల విషయమై లోకము అతనిని నవ్వెనో, ఆ బట్టలే అతని చివరి అప్పు తీర్చుటకు అతడు విడిచిన ఆస్తి.

అయితే ఇట్టి మనుష్యులవలన లోకము మారినదా అని మీరు అడుగవచ్చును. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. వూల్మన్ మరణించిన తరువాత అమెరికాలో ప్రత్తి పంట వ్యాపించెను. 1793లో గింజ తీయు యంత్రము వచ్చుటతో బానిసల సంఖ్య తగ్గుటకు మారుగా పెరిగెను. 1860 నాటికి ఆ దేశమున దాదాపు 40 లక్షలమంది బానిసలుండిరి. బానిసల చెమట అంటని ప్రత్తి బట్టలే అమ్ముదుమని కొందరు విశ్వాసులు అంగళ్లు తెరచిరి. లెవై కాఫిన్ అను క్వేకరు 1847లో సిన్సినాటి పట్టణమున అట్టి అంగడి పెట్టెను. ఆ గుడ్డ ముతకది, వెల యెక్కువ, దొరకుట కష్టము. పదేండ్లకే అతడు ఆ వ్యాపారము మానుకొనవలసివచ్చెను. బానిసత్వము 1865లో ఘోరయుద్ధము పిమ్మట చట్టము ద్వారా పోయినది గాని, కొనువారి ఎంపికవలన మాత్రమే పోలేదు. మరి లాభమేమి? కొన్నవారు కన్నులు మూసికొనలేదు. తమ బిడ్డలకు ఆ ప్రశ్నను అందించిరి. ప్రశ్న బ్రదికియున్నచోట చట్టమును ఒకనాడు పుట్టును.

ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకాకు చేరువనున్న సావార్‌లో, దుస్తులు కుట్టు కర్మాగారములున్న ఎనిమిది అంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా చనిపోయిరి. గోడలలో పగుళ్లు ముందటి దినముననే కనబడినను కూలివారిని లోనికి పంపిరి. మన పొరుగున తమిళనాడులోని తిరుపూరు అద్దకపు కర్మాగారముల నీరు నొయ్యల్ నదిని పాడుచేయుటచేత, వాటిని మూసివేయుమని మద్రాసు హైకోర్టు 2011లో ఆజ్ఞాపించవలసివచ్చెను. ఇంకను దగ్గరకు రండి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 1990 తరువాతి యేండ్లలో సంకర ప్రత్తి విత్తనముల పొలములలో, పువ్వు పువ్వునకు చేతితో పుప్పొడి అంటించు క్రాసింగు పనికి చిన్న బాలికలను పెట్టిరి. తలిదండ్రులు ముందుగా తీసికొన్న బయానాకు బిడ్డ బడి మానెను. ఆ బిడ్డలు మన గ్రామములవారే. ప్రత్తి గింజ మొదలుకొని పండుగ చొక్కావరకు గల దారమును పట్టుకొని పోయినయెడల, అది మన గుమ్మమునొద్దకే తిరిగి వచ్చుచున్నది.

గనుక మనమేమి చేయుదము? తెల్లబట్టలు మాత్రమే కట్టుడని నేను చెప్పుట లేదు. రంగు పాపము కాదు. ఫిలిప్పీలో అపొస్తలుడైన పౌలు బోధ విని హృదయము తెరచిన లూదియ ఊదారంగు బట్టలు అమ్మునదే. ఆమె వర్తకము మానుకొనవలెనని పౌలు చెప్పినట్లు వ్రాయబడలేదు. యొప్పేలోని దొర్కా విధవరాండ్రకు కుట్టియిచ్చిన అంగీలే ఆమె మరణమందు ఆమెకు సాక్ష్యమాయెను. దేవుడు చూచునది రంగును కాదు, ఆ బట్టలోనున్న ప్రేమను, న్యాయమును.

వూల్మన్ జీవితము మన కుటుంబములకు నేర్పునది నాలుగు మాటలలో చెప్పుదును. మొదటిది, బట్ట కొరకు అప్పు చేయవద్దు. అప్పు చేసి పప్పుకూడు తగనియెడల అప్పు చేసి పట్టుచీర మాత్రము తగునా? రెండవది, ఉన్నదానిని చివరివరకు వాడుడి. చినుగు కుట్టుడి, పెద్దబిడ్డ బట్ట చిన్నబిడ్డకు సరిచేయుడి. అంగడిలో దొరకు ఏ బట్టకంటెను ఇంటిలో నున్న బట్ట నిరాడంబరమైనది. మూడవది, కొన్నప్పుడు అడిగి కొనుడి. చేనేత అని పేరు పెట్టి మరమగ్గపు గుడ్డ అమ్ముట కలదు. ప్రభుత్వమువారు 2006లో చేనేత గుర్తును ఏర్పరచిరి. ఆ గుర్తు చూచుకొనుడి. చేరువలో నేతవారున్నయెడల వారియొద్దనే కొని, బేరమాడి వారి పూటకూడు తగ్గింపకుడి. కుట్టిన దర్జీకి, ఉదికిన చాకలికి రేపు రమ్మనక నేడే కూలి ఇయ్యుడి. కోసిన కూలివారి మొఱ దేవుని చెవిని చేరునని యాకోబు హెచ్చరించియున్నాడు గదా.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. ఇతరులకు తీర్పు తీర్చవద్దు. చౌకబట్ట తప్ప మరేమియు కొనలేని విధవరాలికి ఈ వ్యాసము చదివి వినిపించి సిగ్గు కలిగింపకుడి. ఆమె నిరాడంబరత ఆమె ఎన్నుకొన్నది కాదు, ఆమెకు వచ్చిపడినది. ఎన్నుకొనుటకు శక్తిగలవారిదే ఈ భారము. వూల్మన్ రంగుబట్ట కట్టినవారిని ఖండించుటకు రంగులేని బట్ట కట్టలేదు. తన మనస్సాక్షి నిమ్మళించుటకు కట్టెను. అందువలననే బానిసల యజమానులును అతనిని తమ బల్లయొద్దకు పిలిచిరి, అతని మాట వినిరి.

సంఘ పెద్దలారా, ఒక మాట. ఆరాధనకు వచ్చువారి బట్టలను చూచి ముందు వరుస, వెనుక వరుస నిర్ణయించు అలవాటు మన మందిరములలో ఎక్కడనైన మిగిలియున్నయెడల, దానిని ఈ యేటనే తీసివేయుడి. పాత బట్టతో వచ్చినవాడు తలయెత్తి కూర్చుండగల మందిరములో, పండుగకు అప్పు చేయవలసిన అవసరము ఎవరికిని ఉండదు. తల్లులారా, తండ్రులారా, ఈసారి అంగడికి వెళ్లినప్పుడు మీ బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లుడి. వెల, రంగు, మన్నిక విచారించిన పిమ్మట ఆ నాలుగవ ప్రశ్నను బిడ్డ వినునట్లు అడుగుడి. అంగడివాడు జవాబు చెప్పలేకపోయినను, బిడ్డ ఆ ప్రశ్నను మరువడు.